మొండి పులిపిర్లకు టీకా సూది

ఈదుల్ ఫిత్ర్ పండుగకు వారం రోజుల ముందు ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయి వయస్సు 19 సంవత్సరాలు. ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఇంటిపట్టున ఉంటూ మెహందీ పెట్టే పని నేర్చుకున్నది. పండుగలకూ పెళ్ళిళ్ళకూ ఇరుగుపొరుగు వీధుల నుండి పిలుపులు వచ్చేవి. ఆ సంపాదనతో తమ్ముడి బడి ఫీజు కట్టేది. ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చున్నది గాని, రెండు చేతులూ దుపట్టా కింద నుండి బయటకు తీయలేదు.

“డాక్టర్ సాబ్, నిన్న ఒక ఇంట్లో మెహందీ పెట్టడానికి కూర్చున్నది. ఆ ఇంటావిడ దీని వేళ్ళు చూసి తన చెయ్యి వెనక్కి తీసుకున్నదట. ‘నీకేదో అంటురోగం ఉన్నట్టున్నది, వద్దమ్మా’ అన్నదట. ఇంటికి వచ్చి రాత్రంతా ఏడ్చింది” అని తల్లి చెప్పింది.

“ఏదీ, చేతులు చూపించు బేటీ” అన్నాను. కుడిచేతి వేళ్ళ మీద, గోళ్ళ అంచుల్లో పదకొండు పులిపిర్లు ఉన్నాయి. ఎడమ అరికాలిలో మరొక రెండు. మూడేళ్ళుగా ఉన్నాయట. ఒకసారి ఎవరో చెప్పగా సున్నం, సోడా కలిపి పూసుకున్నది. ఆ చోట చర్మం కాలి, నల్లటి మచ్చ మిగిలింది. మచ్చ అంచున పులిపిరి మళ్ళీ మొలిచింది. తరువాత ఒక చోట కరెంటుతో కాల్పించుకున్నది, మరొక చోట ద్రవ నత్రజనితో గడ్డకట్టింపజేసుకున్నది. ప్రతిసారీ రెండు నెలలు చేతులు బాగున్నట్టే ఉండి, మళ్ళీ మొదటికి వచ్చేవి.

ఇటువంటి వారికి ఇటీవలి సంవత్సరాలలో చర్మవ్యాధి నిపుణులు మరొక మార్గం సూచిస్తున్నారు. చిన్నపిల్లలకు వేసే టీకామందును పులిపిరిలోనికే ఎక్కించడం ఆ మార్గం. వినడానికి వింతగా ఉంటుంది. ఆ వైద్యం వెనుక ఉన్న తర్కమేమిటో, అది ఎవరికి తగినదో, ఎవరికి కూడనిదో ఈ నెల తెలుసుకుందాం.

పులిపిరి అంటే ఏమిటి?

పులిపిరికి కారణం ఒక వైరస్. దానిని హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటారు. అందులో వందకు పైగా రకాలున్నాయి. చేతుల మీద వచ్చే వాటికి కొన్ని రకాలు, అరికాలిలో వచ్చే వాటికి కొన్ని రకాలు కారణమవుతాయి. చర్మంలో కంటికి కనిపించనంత చిన్న గీత, పగులు ఉన్నా చాలు, వైరస్ లోపలికి ప్రవేశిస్తుంది. చర్మకణాలను అతిగా పెరిగేటట్లు చేస్తుంది. అలా పేరుకున్న గరుకైన బుడిపెయే పులిపిరి. వైరస్ సోకిన కొన్ని వారాలకో నెలలకో గాని అది బయటపడదు. కనుక ఎక్కడ అంటుకున్నదో చెప్పడం కష్టం.

అరికాలి పులిపిరిని చాలామంది ఆనెకాయ అనుకొని పొరపడతారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆనెకాయను పైనుండి నొక్కితే నొప్పి ఎక్కువ. పులిపిరిని రెండు పక్కల నుండి వేళ్ళతో పట్టి నొక్కితే నొప్పి ఎక్కువ. ఆనెకాయ మీద చర్మపు గీతలు మామూలుగానే సాగిపోతాయి. పులిపిరి దగ్గర అవి ఆగిపోతాయి. పులిపిరిలో చిన్న చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి. కొందరు వాటిని వేర్లనీ విత్తనాలనీ అనుకొని సూదితో తవ్వుతారు. అవి వేర్లు కావు, రక్తం గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. తవ్వితే రక్తం కారుతుంది, వైరస్ పక్కకు పాకుతుంది.

ఇది అంటుకొనే వ్యాధియే. కాని, భయపడి మనిషిని దూరం పెట్టవలసినంతటిది కాదు. కలిసి భోజనం చేసినంత మాత్రాన, పక్కన కూర్చున్నంత మాత్రాన అంటుకోదు. తడిసి నానిన చర్మం ద్వారా సులభంగా పాకుతుంది. అందుకే హాస్టళ్ళ స్నానపు గదులు, ఈతకొలనుల గట్లు, మస్జిద్‌లో వుజూ చేసే చోటు, అక్కడ అందరూ తొడుక్కొనే రబ్బరు చెప్పులు దీనికి అనువైన తావులు. అరికాలిలో పులిపిరి ఉన్నవారు తమ చెప్పులు తాము తీసుకువెళ్ళడం, వుజూ తరువాత కాళ్ళు వేళ్ళ సందులతో సహా తుడుచుకోవడం, తువ్వాలు వేరుగా ఉంచుకోవడం చాలు. గోళ్ళు కొరికే పిల్లలలో పులిపిర్లు గోళ్ళ చుట్టూ, పెదవుల మీదా వ్యాపిస్తాయి. ముఖం మీద ఉంటే, గడ్డం దిద్దే కత్తి వెంట అవి వరుసగా మొలుస్తాయి.

తొందర ఎంతవరకు అవసరం?

ముందుగా ఒక ఊరట కలిగించే మాట. పిల్లలలో పులిపిర్లు చాలావరకు ఏ వైద్యమూ లేకుండానే పోతాయి. రెండేళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు మాయమవుతాయని పాత పరిశీలనలు తెలిపాయి. శరీరం ఆ వైరస్‌ను గుర్తుపట్టిన రోజున దానంతట అదే దానిని తరిమివేస్తుంది. గుర్రపు వెంట్రుక కట్టడం, జిల్లేడుపాలు పూయడం, అగరువత్తితో కాల్చడం వంటి చిట్కాలకు వచ్చిన పేరులో ఎక్కువ భాగం నిజానికి ఈ స్వస్థతకే చెందాలి. ఆ చిట్కాల వలన వచ్చిన కాలిన మచ్చలు, చీము పట్టిన పుండ్లు మాత్రం పూర్తిగా వాటివే.

పిల్లవాడికి ఒకటి రెండు పులిపిర్లుండి, నొప్పి లేకపోతే కొంతకాలం వేచి చూడవచ్చు. వైద్యం కావాలనుకుంటే మొదటి మెట్టు సాలిసిలిక్ ఆమ్లం. రాత్రి గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, పైనున్న చచ్చిన చర్మాన్ని రుద్ది తీసి, పులిపిరి మీద మాత్రమే మందు పూయాలి. దీనిని మూడు నెలల పాటు విడువకుండా చేయాలి. నాలుగు రోజులు పూసి మానేసేవారే ఎక్కువ. అందుకే ఈ మందుకు చెడ్డపేరు వచ్చింది. రెండవ మెట్టు ద్రవ నత్రజని. సున్నా కంటే 196 డిగ్రీలు తక్కువ శీతలంలో ఉండే ఆ ద్రవంతో పులిపిరిని గడ్డకట్టిస్తారు. కరెంటుతో కాల్చడం, లేజర్ వంటివి ఆ తరువాతి మార్గాలు.

మధుమేహం ఉన్నవారు మాత్రం అరికాలి మీద ఆమ్లం పూయడం, బ్లేడుతో కోయడం సొంతంగా ఎన్నడూ చేయరాదు. స్పర్శ తగ్గిన పాదానికి తగిలిన చిన్న గాయం కాలికే ముప్పు తెచ్చిన సందర్భాలు అనేకం.

మొండితనానికి కారణం

పైన చెప్పిన వైద్యాలన్నిటిలో ఒక సామ్యం ఉన్నది. అవన్నీ పులిపిరిని నాశనం చేస్తాయి గాని, శరీరానికి ఆ వైరస్‌ను గుర్తుపట్టడం నేర్పవు. ఈ వైరస్ రక్తంలోనికి రాదు. తాను నివసించే చర్మకణాలను బద్దలుకొట్టదు. చర్మపు పై పొరలలోనే గుట్టుగా కాపురముంటుంది. వీధి చివర ఇంట్లో దొంగ చప్పుడు చేయకుండా దాగి ఉంటే పహరావాళ్ళకు తెలియనట్లే, మన రోగనిరోధక వ్యవస్థకు దాని ఉనికి తెలియదు. కాల్చిన చోటు చుట్టూ, కంటికి మామూలుగా కనిపించే చర్మంలో కూడా వైరస్ మిగిలిపోవచ్చు. అందుకే రెండు నెలలకు పులిపిరి మళ్ళీ తల ఎత్తుతుంది.

టీకా చేసే పని

టీకామందు వైరస్‌ను నేరుగా చంపదు. పహరావాళ్ళను ఆ ఇంటి గుమ్మం దగ్గరకు రప్పిస్తుంది. మనలో చాలామందికి బాల్యంలో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాలు వేసి ఉంటారు, లేదా ఆ వ్యాధులు వచ్చి పోయి ఉంటాయి. పుట్టిన కొద్ది రోజులకే బి.సి.జి. వేసి ఉంటారు. ఆ క్రిముల ఆనవాళ్ళను మన తెల్ల రక్తకణాలు ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంచుకుంటాయి. అదే టీకామందును పులిపిరిలోనికి ఎక్కించినప్పుడు, పాతశత్రువు వచ్చాడని భావించి ఆ కణాలు అక్కడికి చేరుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్ వంటి రసాయనాలు వెలువడతాయి. ఆ కలకలంలో, అంతవరకు దాగి ఉన్న పులిపిరి వైరస్ కూడా వాటి కంటబడుతుందని వైద్యశాస్త్రం భావిస్తున్నది.

ఒకసారి గుర్తుపట్టిన కణాలు రక్తం వెంట శరీరమంతా తిరుగుతాయి. కనుక సూది వేసిన పులిపిరి మాత్రమే కాక, సూది తగలని దూరపు పులిపిర్లు కూడా రాలిపోవడం తరచుగా కనబడుతుంది. పది పదిహేను పులిపిర్లున్నవారికి, గోరు కింద కాల్చడానికి వీలుకాని చోట ఉన్నవారికి ఈ పద్ధతిని సూచించడానికి ప్రధాన కారణం ఇదే.

మన దేశంలో ఎక్కువగా వాడేది తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకా. బి.సి.జి.ని, క్షయ పరీక్షకు ఉపయోగించే ట్యూబర్క్యులిన్‌ను కూడా కొందరు వాడతారు. వీటితో పాటు మన దేశపు సొంత మందు ఒకటి ఉన్నది. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో డాక్టర్ జి.పి. తల్వార్ బృందం కుష్ఠువ్యాధి కోసం రూపొందించిన ఎం.డబ్ల్యు. టీకా అది. వేడితో చంపిన బాక్టీరియాతో దానిని తయారుచేస్తారు. ఆ బాక్టీరియాకు తరువాత మైకోబాక్టీరియం ఇండికస్ ప్రానీ అని పేరు పెట్టారు. దాని జన్యువులను పరిశోధించిన వారిలో హైదరాబాదు శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు.

వైద్యం జరిగే తీరు

పులిపిర్లలో పెద్దదానిని ఒకదానిని ఎన్నుకుంటారు. శుభ్రపరచి, ఇన్సులిన్ సూదివంటి సన్నని సూదితో 0.3 నుండి 0.5 మిల్లీలీటర్ల ఎం.ఎం.ఆర్. మందును దానిలోనికి ఎక్కిస్తారు. రెండు లేక మూడు వారాలకొకసారి, సాధారణంగా మూడు నుండి ఐదు సార్లు చేస్తారు. పులిపిర్లు ముందే పోతే అక్కడితో ఆపుతారు. అరికాలిలోనూ గోటి పక్కనా సూది నొప్పి తీవ్రంగానే ఉంటుంది. నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ చోట రెండు రోజులు ఎర్రబడి వాచవచ్చు. ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. బి.సి.జి., ఎం.డబ్ల్యు. మందులతో సూది వేసిన చోట గడ్డకట్టడం, పుండు పడటం, మచ్చ మిగలడం కూడా సంభవించవచ్చు.

ఫలితం ఎంత? 2010లో ఈజిప్టు వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ఎం.ఎం.ఆర్. సూది తీసుకున్నవారిలో సుమారు 80 శాతం మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి. అదే అధ్యయనంలో పోలిక కోసం కొందరికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. వారిలోనూ నాలుగవ వంతుకు పైగా బాగుపడ్డారు. ఈ రెండవ అంకెను మరువరాదు. టీకా మేలు చేసిందనడం నిజమే, పులిపిరి తనంతట తాను పోయే అవకాశం ఉందనడమూ నిజమే. ఆ తరువాత వచ్చిన అధ్యయనాలలో చాలావరకు చిన్నవి, వాటి ఫలితాలు ఒకే తీరుగా లేవు. పులిపిర్ల కోసం ఈ టీకాలను తయారుచేయలేదు, తయారీదారులు వాటి పెట్టెల మీద ఆ ప్రయోజనాన్ని పేర్కొనరు. వైద్యుడు తన విచక్షణతో, రోగికి చెప్పి, అంగీకారం తీసుకొని చేసే వైద్యమిది. కనుక నూటికి నూరు శాతం నయమవుతుందని గ్యారంటీ ఇచ్చే ప్రకటనలకు దూరంగా ఉండటం మంచిది.

ఎవరికి కూడదు?

ఎం.ఎం.ఆర్.లోనూ బి.సి.జి.లోనూ ఉండేవి బలహీనపరచిన సజీవ క్రిములు. కాబట్టి గర్భిణులకు ఇవ్వరాదు. ఎం.ఎం.ఆర్. తీసుకున్న తరువాత కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. కేన్సరు చికిత్సలో ఉన్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, హెచ్.ఐ.వి. వంటి కారణాల వలన నిరోధకశక్తి బాగా తగ్గినవారికి ఇది తగదు. ఇంతకు మునుపు ఈ టీకాతోగాని, అందులోని జిలాటిన్, నియోమైసిన్ వంటి పదార్థాలతోగాని తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ముందే చెప్పాలి. జ్వరంతో ఉన్న రోజున సూది వాయిదా వేయాలి. పాలిచ్చే తల్లులు ఆ సంగతి వైద్యునికి తప్పక తెలియజేయాలి.

మరొక పొరపాటు తొలగించుకోవాలి. బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కేన్సరు రాకుండా వేసే హెచ్.పి.వి. టీకా వేరు, పులిపిరిలో వేసే ఈ సూది వేరు. ఆ టీకా అదే కుటుంబానికి చెందిన ఇతర రకాల వైరస్‌లను నిరోధించడానికి తయారైనది. కూతురి చేతి పులిపిర్లు పోయాయి కనుక ఆ టీకా అవసరం లేదనుకోవడం తప్పు. చేతికి పులిపిర్లు ఉన్నాయి కనుక కేన్సరు వస్తుందేమోనని భయపడటమూ తప్పే.

ఒక సందేహం

మన పాఠకులలో కొందరు అడిగే ప్రశ్న ఒకటున్నది. టీకాలలో పందికి సంబంధించిన పదార్థం ఉంటుందా? దాచకుండా చెప్పడమే సబబు. మందు చెడిపోకుండా నిలకడగా ఉంచడానికి కొన్ని ఎం.ఎం.ఆర్. టీకాలలో జిలాటిన్ కలుపుతారు. కొన్నిటిలో అది పంది నుండి తీసినది. జిలాటిన్ లేని ఎం.ఎం.ఆర్. టీకాలు కూడా లోకంలో ఉన్నాయి.

దీనిపై పండితులు చర్చించారు. 1995లో కువైట్ కేంద్రంగా ఉన్న ఇస్లామీయ వైద్యశాస్త్రాల సంస్థ నిర్వహించిన సదస్సులో, మూలపదార్థం పూర్తిగా రూపాంతరం చెందితే దాని తీర్పు కూడా మారుతుందని అభిప్రాయపడ్డారు. 2018లో ఇండోనేషియా ఉలమా మండలి మరొక కోణంలో చూసింది. తట్టు, రుబెల్లా టీకాలో పంది సంబంధ పదార్థం వాడటం నిషిద్ధమే అయినా, ప్రత్యామ్నాయం లేనందునా, టీకా వేయకపోతే ప్రమాదం ఉన్నందునా అనుమతించింది. పిల్లల ప్రాణాలను కాపాడే టీకా విషయమది. పులిపిరి ప్రాణాంతకం కాదు, దానికి వేరే వైద్యాలూ ఉన్నాయి. కనుక రెండింటినీ ఒకే గాటన కట్టకుండా, మనసులో శంక ఉన్నవారు వైద్యుని అడిగి మందు పెట్టెలోని వివరపత్రం చూసి, తమకు విశ్వాసమున్న ఆలిమ్‌ను సంప్రదించవచ్చు. ఎం.డబ్ల్యు. వంటి ఇతర మందుల గురించి కూడా అడగవచ్చు. అడగడానికి సంకోచించనక్కర లేదు. కాని, ఈ సందేహాన్ని సాకుగా చేసుకొని పసిపిల్లలకు వేయవలసిన టీకాలను మాత్రం ఆపవద్దు.

ఆ అమ్మాయి సంగతి

సూది వేసే ముందు ఆ అమ్మాయిని అడగవలసినవన్నీ అడిగాను. అలర్జీలు లేవు, ఇతర మందులు వాడటం లేదు. “పెళ్ళి నిశ్చయమైందా అమ్మా?” అని తల్లిని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకో ఆమెకు మొదట అర్థం కాలేదు. నాలుగు నెలల తరువాత నికాహ్ అని చెప్పింది. మందు సజీవ క్రిములతో చేసినదని, చివరి సూదికీ నికాహ్‌కూ మధ్య నెలకు పైగా ఎడం ఉండాలని వివరించాను. వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాం. నాలుగు సూదులకు సరిపడా సమయం ఉన్నది. మందులో ఏమేమి ఉంటాయో కూడా చెప్పి, ఇంట్లో మాట్లాడుకొని రమ్మన్నాను. మూడు రోజుల తరువాత తండ్రితో కలిసి వచ్చారు.

మొదటి సూదికి అమ్మాయి పళ్ళు బిగబట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఆ రాత్రి కొంచెం జ్వరం వచ్చిందట. రెండవ సూది నాటికి ఏ మార్పూ లేదు. ఆ తల్లి ముఖంలో నిరాశ చూసి నాకూ కష్టమనిపించింది. మూడవసారి వచ్చినప్పుడు సూది వేసిన పులిపిరి నల్లబడి ఎండిపోయింది, దాని పక్కనున్నవి చదునై ఉన్నాయి. నాలుగవ సూది తరువాత చేతి పులిపిర్లన్నీ పోయాయి. సూది తగలనివి కూడా పోయాయి. అరికాలిలో ఒకటి పోయి, ఒకటి మిగిలింది. దానికి ఇప్పుడు ప్రతి రాత్రీ సాలిసిలిక్ ఆమ్లం పూసుకుంటున్నది. అన్నీ పోయాయని రాయగలిగితే బాగుండేది గాని, జరిగింది ఇంతే.

సున్నంతో కాలిన మచ్చ మాత్రం వేలి మీద అలాగే ఉన్నది. ఆ మచ్చ చూపిస్తూ తల్లి, “మూడేళ్ళ కిందట ఇటు రాకుండా అటు వెళ్ళాం డాక్టర్ సాబ్” అన్నది. చేయి వెనక్కి తీసుకున్న ఆ ఇంటావిడ మీద ఆమెకు కోపం ఇంకా తగ్గలేదు.

పాఠక సోదరీమణులకు ఒక మనవి. ఎవరి చేతిపైనైనా పులిపిర్లు కనిపిస్తే మీ చేయి వెనక్కి తీసుకోవద్దు. ఇది తగ్గే జబ్బేనని, చర్మవైద్యునికి చూపించుకొమ్మని మెల్లగా చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే సున్నమూ బ్లేడూ పక్కన పెట్టండి. మొదట సులభమైన మందును ఓపికగా మూడు నెలలు వాడండి. అప్పటికీ లొంగకపోతే, టీకా సూది గురించి వైద్యుని అడగండి. ఏ మందు వేస్తున్నారు, ఎన్నిసార్లు, ఏ దుష్ఫలితాలు రావచ్చు, తగ్గకపోతే తరువాతి మార్గమేమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పే వైద్యుని దగ్గరే చేయి చాపండి.